వేరుశనగ చెక్కలో బూజు విషము



పాడి గేదెకు బలమైన దాణా యేమిటని మన పల్లెల్లో ఎవరిని అడిగినా ముందుగా వచ్చే మాట వేరుశనగ చెక్క. రాయలసీమలో ఐతే అది ఇంటి పంటలోనుంచి వచ్చే మేత. కాయ మన పొలానిది, నూనె మన వంటకు, చెక్క మన గేదెకు. ఇంతకంటె మంచి యేర్పాటు లేదనే చెప్పవచ్చును. ఐతే ఈ చెక్కకు ఒక శత్రువు వున్నది. అదే బూజు విషము. శాస్త్రజ్ఞులు దీనిని అఫ్లటాక్సిన్ అంటారు. ఇది ఎక్కువైతే కోడిపిల్లలనూ దూడలనూ చంపుతుంది. తక్కువగా వుంటే పశువు పైకి బాగానే కనిపిస్తుంది గాని, విషము పాలలో దిగి మన పిల్లలు తాగే గ్లాసులోకి వస్తుంది. ఈ సంగతి యెట్లా బయటపడ్డదీ, విషము ఎక్కడ పుడుతుందీ, దానిని అడ్డగించడానికి పొలంలోనూ, కళ్ళంలోనూ, కొట్టంలోనూ మనము చేయవలసిన పనులేమిటీ ఈ ప్రసంగంలో మనవి చేస్తాను.

ముందుగా చెక్క విలువ తెలుసుకుందాము. మన పశువులకు కడుపు నింపేది వరిగడ్డి, జొన్న చొప్ప. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్ళకు మించవు. అందులోనూ పశువుకు వంటబట్టేది చాల స్వల్పము. వేరుశనగ చెక్కలో మాంసకృత్తులు నూటికి 40 నుంచి 45 పాళ్ళ దాకా వుంటవి. గేదె పెద్ద పొట్టలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు వున్నవి. గడ్డిని పులియబెట్టి జీర్ణము చేసేవి అవే. వాటికి మాంసకృత్తులు అందకపోతే గడ్డి కూడా సరిగా అరగదు. అందుచేత కొద్దిగా చెక్క పెట్టినా, తిన్న గడ్డి మొత్తము ఒంటికి పడుతుంది. చెక్క పెట్టిన గేదె పాలు పెంచడానికి కారణము ఇదే.

కోళ్ళకు కూడా ఇది మంచి మేతే. కాని కోడికి కావలసిన లైసిన్, మెథియొనిన్ అనే రెండు ముఖ్యమైన ఆమ్లాలు ఇందులో తక్కువ. అందువలన కోళ్ళకు ఒక్క వేరుశనగ చెక్కమీదనే ఆధారపడకుండా చేపపొడి, సోయా చెక్క వంటివి కలుపుతారు. ఈనాటి కోళ్ళ మేతలో సోయా చెక్కదే పెద్ద స్థానము. అట్లా జరగడానికి మనము చెప్పుకోబోయే బూజు విషము కూడా ఒక కారణమే.

ఈ విషము లోకానికి తెలిసిన కథ వినదగినది. అది 1960వ సంవత్సరము. ఇంగ్లండు దేశము దక్షిణ, తూర్పు భాగాలలో టర్కీ కోళ్ళు పెంచేవారి ఆవరణలలో ఉన్నట్టుండి చావులు మొదలైనవి. పిల్లలు మేత మానేవి, రెక్కలు వాల్చేవి, కునుకుతూ కూర్చునేవి, వారము తిరక్కుండానే చచ్చిపోయేవి. కొద్ది నెలలలో లక్షకు పైగా టర్కీ పిల్లలు నశించినవి. కోసి చూస్తే కార్జంలో రక్తము చిమ్మి, కణజాలము చచ్చివుండేది. మొదట ఇది అంటువ్యాధి కావచ్చునని అనుమానించారు. క్రిముల కోసము వెదికారు, దొరకలేదు. ఒక పక్షినుంచి మరొక పక్షికి అంటించబోతే అంటలేదు. పేరు పెట్టడానికి కూడా తోచక దానిని ‘టర్కీ ఎక్స్ వ్యాధి’ అన్నారు. లెక్కలలో తెలియని సంఖ్యకు ఎక్స్ అని పేరు పెట్టినట్టే ఇదిన్నీ.

అప్పుడు పరిశోధకులు వేరే దారి పట్టారు. చచ్చిన మందలన్నిటికీ సామాన్యముగా వున్నది యేమిటని విచారించారు. జాడ చివరకు మేతలోకి, ఆ మేతలో కలిపిన వేరుశనగ చెక్కలోకి దారి తీసింది. ఆ చెక్క బ్రెజిల్ దేశమునుంచి వచ్చినది. దానిని ఆపివేస్తే చావులు ఆగినవి. అనుమానమున్న చెక్కను ఒకరోజు వయసుగల బాతుపిల్లలకు పెట్టి చూశారు, అవి చచ్చినవి. ఈ విషానికి బాతుపిల్లను మించిన పరీక్ష ఆనాడు లేదు, ఎందుకంటే అన్నిటికంటె ముందు లొంగేది అదే. తూర్పు ఆఫ్రికా చెక్కలో కూడా ఇదే గుణము కనిపించింది. కనుక ఇది ఒక దేశపు చెక్కకు పట్టిన పీడ కాదనీ, వేరుశనగ పండే చోటల్లా దీని భయమున్నదనీ తేలింది.

1961లో అసలు దొంగ దొరికింది. ఉగాండా వేరుశనగ గింజలమీదనుంచి ఒక బూజును వేరుచేశారు. దాని పేరు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. పచ్చనూ పసుపూ కలిసిన రంగులో పొడిపొడిగా పెరిగే బూజు ఇది. మన ఇళ్ళలో తడిసిన కాయమీదా, మొక్కజొన్న కంకిమీదా, పాత చెక్కమీదా కనిపించేది ఇదే. ఈ బూజు పెరుగుతూ తాను ఆనుకున్న గింజలోనికి ఒక విషాన్ని వూరుస్తుంది. బూజు పేరులోని అక్షరాలనే కలిపి ఆ విషానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. అదృశ్య కిరణాల దీపము కింద పెడితే ఈ విషాలలో కొన్ని నీలంగానూ, కొన్ని ఆకుపచ్చగానూ మెరుస్తవి. ఇంగ్లీషులో ఆ రంగుల మొదటి అక్షరాలను బట్టి బి, జి అని రకాలు యేర్పరచారు. అన్నిటిలోకీ తీవ్రమైనది బి-1.

ఇంతటితో కథ ముగియలేదు. ఆ బ్రెజిల్ చెక్కను ఎలుకలకు నెలల తరబడి పెట్టి చూడగా, వాటి కార్జంలో కంతులు పుట్టినవి. ఈ విషము మనుషులలో కూడా కార్జపు కాన్సరుకు కారణమని నేడు స్థిరపడిన విషయము. ఒక్కసారిగా ఎక్కువ తింటే వచ్చే చావు ఒకటైతే, రోజూ కొంచెము కొంచెము తింటే యేండ్ల మీద వచ్చే కీడు మరొకటి.

ఇది దూరదేశపు కథ అని ఊరుకోవడానికి వీలులేదు. మన ఆంధ్రప్రదేశ్‌లోనే ముర్రా గేదెలకు వేరుశనగ చెక్క వలన విషము సోకిన సంగతి 1965లో ఇండియన్ వెటర్నరీ జర్నల్‌లో ప్రకటించబడినది. 1974లో రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల పల్లెలలో అకాల వర్షాలకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని జనము కామెర్లతో, పొట్టలో నీరుపట్టి మంచానపడ్డారు. నూట ఆరుగురు మరణించారు. ఆ ఇళ్ళలో అదే తిండి తిన్న కుక్కలు కూడా చచ్చినవి. దానికి కారణము ఈ అఫ్లటాక్సినే అని పరిశోధించి తేల్చినవారు మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు. తిండి ఒకటే ఐతే విషానికి మనిషీ పశువూ అనే తేడా లేదు.

ఈ విషము పశువులలో ఎట్లా కనబడుతుందో చెబుతాను. బాతుపిల్లలు, టర్కీ పిల్లలు అన్నిటికంటె సుకుమారమైనవి. తరువాత కోడిపిల్లలు, పందిపిల్లలు, దూడలు. పెద్ద పశువులు కొంత తట్టుకుంటవి. గొర్రెలు మరికొంత ఎక్కువగా తట్టుకుంటవి. కోళ్ళలో ఐతే పిల్లలు ఎదగవు, ఈకలు రేగి నిస్సత్తువగా వుంటవి. గుడ్లు పెట్టే కోళ్ళు గుడ్లు తగ్గిస్తవి. కోసి చూస్తే కార్జము పసుపుగా, కొవ్వుపట్టి వుంటుంది. మరొక పెద్ద నష్టమున్నది. ఈ విషము తిన్న పక్షికి రోగాలను ఎదిరించే శక్తి తగ్గిపోతుంది. కొక్కెర తెగులుకు టీకా వేయించినా టీకా సరిగా పట్టదు. తెగులు వచ్చి కోళ్ళు పోయినప్పుడు మనము టీకాను నిందిస్తాము. తప్పు మేతలో వుండవచ్చును.

దూడలలో మూడు నెలలనుంచి ఆరు నెలల వయసువి ఎక్కువగా లొంగుతవి. మేత తగ్గిస్తవి, పళ్ళు కొరుకుతవి, ఒకేచోట గుండ్రంగా తిరుగుతవి, పేడ వేయడానికి ఊరక ముక్కుతవి. ఈ గుర్తులు కనబడిన తరువాత చాల దూడలు దక్కవు. పాడి గేదెలలో ఐతే మొదట కనిపించేది పాలు తగ్గడమే. వెంట్రుక మెరుపు తగ్గుతుంది, ఒళ్ళు తగ్గుతుంది. ఇవన్నీ వేరే కారణాలవలన కూడా వచ్చే గుర్తులే కావడముచేత మనకు చెక్కమీద అనుమానము రాదు. ఒకే దాణా తిన్న పశువులన్నిటిలో ఈ మార్పు ఒకేసారి వస్తే మాత్రము ముందుగా దాణా బస్తాను విప్పి చూడవలెను.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట పాల సంగతి. 1960 తరువాత మూడేళ్ళలోపునే ఇంగ్లండులోని పరిశోధకులు విషపు చెక్క తిన్న ఆవుల పాలను బాతుపిల్లలకు పెట్టి చూశారు. చెక్క తిన్న పిల్లలలో వచ్చిన కార్జపు మార్పులే పాలు తాగిన పిల్లలలోనూ వచ్చినవి. తిన్న విషములో కొంత భాగము ఆవు శరీరములో కొద్దిగా మారి పాలలోకి దిగుతుందని దీనివలన తెలిసింది. పాలలో దొరికింది కనుక ఇంగ్లీషులో పాలకు వుండే మొదటి అక్షరముతో దానిని ఎం-1 అన్నారు. విషపు మేత తిన్న ఒక రోజులోపలనే ఇది పాలలో కనిపిస్తుంది. ఆ మేత మానివేస్తే మూడు నాలుగు రోజులలో పాలు శుభ్రపడతవి. ఇది గుర్తుంచుకోదగిన సంగతి. మేత మార్చిన ఫలితము వారము తిరగకుండానే దక్కుతుంది.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాము. మన దేశములో పశువుల దాణాకు యేర్పరచిన ప్రమాణము ప్రకారము ఒక కిలో దాణాలో బి-1 విషము 20 మైక్రోగ్రాములు మించరాదు. మైక్రోగ్రామంటే గ్రాములో పది లక్షలవ వంతు. అంటే ఒక టన్ను దాణాలో 20 మిల్లీగ్రాములు, చిటికెడు కూడా కాదు. పాలలో ఎం-1 కిలోకు అర మైక్రోగ్రాము మించరాదని ఆహార భద్రతా ప్రమాణము. ఐరోపా దేశాలవారి హద్దు మనదానిలో పదో వంతే. ఇప్పుడు కిలోకు 500 మైక్రోగ్రాముల విషమున్న చెక్క ఒకటి వున్నదనుకోండి. గేదె రోజుకు మూడు కిలోలు తింటే 1,500 మైక్రోగ్రాములు లోపలికి పోయినవి. అందులో నూటికి ఒకటి రెండు పాళ్ళు పాలలోకి దిగుతవి. అంటే 15 నుంచి 30 మైక్రోగ్రాములు. గేదె ఎనిమిది లీటర్లు ఇస్తే లీటరుకు సుమారు రెండు నుంచి నాలుగు మైక్రోగ్రాములు. ప్రమాణానికి నాలుగు మొదలు ఎనిమిది రెట్లు! గేదె మాత్రము నెమరువేస్తూ హాయిగానే కనబడవచ్చును. పాల రంగు మారదు, రుచి మారదు, మీగడ తగ్గదు. ఎక్కువ పాలిచ్చే పశువులలో ఐతే పాలలోకి దిగే పాలు ఇంకా పెరగవచ్చును.

పాలు కాచితే పోతుందిగదా అని కొందరు అడుగుతారు. పోదు. కాగినా పోదు, తోడుపెట్టినా పోదు. క్రిమి ఐతే వేడికి చస్తుంది. ఇది క్రిమి కాదు, విషము. వంటింటి వేడికి అది లొంగదు. పాలు ఎక్కువగా తాగేది పసిపిల్లలు, వారి శరీరము చిన్నది. ఇది మరచిపోరాదు.

మరి చెక్కలోకి ఈ విషము ఎట్లా వస్తున్నది? మన అలవాటునే చూడండి. కాయ వొలిచిన తరువాత బలమైన గింజలను ఏరి విత్తనానికి, అమ్మకానికి పెడతాము. నొక్కులు, పుచ్చులు, రంగు మారినవి, విరిగినవి, మొలకెత్తినవి విడిగా తీసి నూనెకు పంపుతాము. పరిశోధనలలో తేలినదేమంటే విషము గింజలన్నిటిలో సమానముగా వుండదు. చాలా గింజలలో అసలే వుండదు. ఏరివేసిన ఆ కొద్ది గింజలలోనే ఎక్కువ భాగము పోగుపడి వుంటుంది. గానుగలో వేసినప్పుడు నూనెతో కొంత పోయినా, ఎక్కువ విషము చెక్కలోనే మిగులుతుంది. కనుక మనము మంచివి కావని తీసివేసిన గింజల సారమే చెక్కగా పశువు ముందుకు వస్తున్నది. పశువు దానిని పాలుగా మార్చి తిరిగి మన ఇంటికే తెస్తున్నది. మనము గడప బయట పారవేశామనుకున్నది దొడ్డిదారిన లోపలికి వస్తున్నదన్నమాట.

అందుచేత విషాన్ని అడ్డగించడము కొట్టంలో మొదలుపెడితే ఆలస్యమే. పొలంలోనే మొదలుపెట్టాలి. ఈ బూజు నేలలోనే వుంటుంది. కాయ ఊరే చివరి మూడు నుంచి ఆరు వారాలలో బెట్ట తగిలి నేల వేడెక్కితే, బలహీనపడ్డ కాయలోకి అది జొరబడుతుంది. అనంతపురము, శ్రీ సత్యసాయి జిల్లాల వర్షాధారపు చేలలో ఈ బెట్ట మనకు కొత్త కాదు. నీటి వసతి వున్నవారు ఆ సమయంలో ఒక్క తడి ఇచ్చినా మేలు. పూత సమయంలో ఎకరానికి 200 కిలోల జిప్సము వేసి మట్టి ఎగదోస్తే కాయ పెంకు గట్టిపడుతుంది. పశువుల ఎరువు బాగా వేసిన నేలలో తేమ నిలుస్తుంది. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ పరిశోధనలలో కూడా జిప్సము, సేంద్రియపు ఎరువు విషాన్ని తగ్గించేందుకు తోడ్పడినట్లు తేలినది. చెదలు, కాయతొలుచు పురుగు చేసే రంధ్రాలు బూజుకు తలుపులు. వాటిని అదుపులో పెట్టడము కూడా ఇందులో భాగమే.

కాయ ముదిరిన వెంటనే పీకాలి. ముదిరిన కాయ నేలలో వుండేకొద్దీ బూజుకు అవకాశము ఎక్కువ. పీకిన మొక్కలను కాయలు పైకి వచ్చేటట్లు తలకిందులుగా పరచి ఎండబెట్టాలి. కాయలు నేలకు ఆని వుంటే రాత్రి మంచుకు, నేల చెమ్మకు తడి ఆరదు. పచ్చి మొక్కను వామి వేయడము అన్నిటికంటె ప్రమాదము. వామి లోపల వేడి పుట్టి రెండు మూడు రోజులలోనే బూజు అల్లుకుంటుంది. వర్షము వస్తుందని వామి వేయవలసివస్తే, వాన వెలిసిన వెంటనే విప్పి ఆరబెట్టండి. కాయలో తేమ నూటికి ఎనిమిది పాళ్ళకు దిగేదాకా ఎండనివ్వాలి. చేతిలో ఊపితే లోపల గింజ గలగలలాడాలి. గింజను వేళ్ళతో నలిపితే పొట్టు సులువుగా ఊడాలి.

ఒక దురలవాటును గురించి గట్టిగా చెప్పవలసి వున్నది. కాయ వొలిచేటప్పుడు పెంకు మెత్తబడడానికీ, గింజ విరగకుండా వుండడానికీ కాయలమీద నీళ్ళు చల్లుతారు. తూకము కొంత పెరుగుతుందని కూడా కొందరి ఆశ. ఆరబెట్టడానికి మనము పడ్డ శ్రమంతా ఆ కడివెడు నీళ్ళతో పోతుంది. తడిసిన గింజను సంచికెత్తి గోదాములో వేస్తే బూజుకు విందు పెట్టినట్టే. పొడికాయను యంత్రముతో వొలిపించండి. నాలుగు గింజలు విరిగితే విరగనివ్వండి. విత్తనానికి ఐతే చేత్తో పొడిగానే వొలవండి.

ఇక ఏరివేసిన పుచ్చు గింజల మాట. వాటికి వచ్చే ధర స్వల్పము. వాటిని నూనెకు పంపకండి, కోళ్ళ ముందు చల్లకండి. గేదెలకు వేసే వేరుశనగ కట్టెలో కూడా బూజుపట్టిన కాయలు మిగిలివుంటే ఏరివేయండి. తన ఇంటి కాయను తానే గానుగ ఆడించి చెక్క తెచ్చుకునే రైతుకు ఇందులో గొప్ప సౌలభ్యమున్నది. గింజ ఏరే చేయి తనదే గనుక మంచి చెక్క కూడా తనకే దక్కుతుంది.

చెక్కను కొనేవారు కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. కొత్త చెక్క లేత గోధుమరంగులో, కమ్మని వాసనతో వుంటుంది. విరిస్తే పుటుక్కున విరగాలి. ముక్కు వాసన, నల్లని లేక పచ్చని మచ్చలు, లోపల బూజు దారాలు, చేతికి చెమ్మ తగలడము ఇవి చెడ్డ గుర్తులు. ఐతే ఒక మాట. ఈ గుర్తులు లేనంతమాత్రాన చెక్క మంచిదని చెప్పలేము. బూజుగింజలు గానుగలో నలిగిన తరువాత బూజు కనబడదు, విషము మాత్రము వుంటుంది. అందుచేత పెద్ద ఎత్తున చెక్క కొనే పాల సంఘాలు, కోళ్ళ ఫారాలవారు ప్రతి లోడునుంచీ పలుచోట్ల నమూనాలు తీసి, కలిపి, ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. ఒకే మూలనుంచి గుప్పెడు తీస్తే ఉపయోగము లేదు. విషము అక్కడక్కడా పోగుపడి వుంటుందని ఇంతకుముందే చెప్పుకున్నాము. ఎలీసా అనే పరీక్షతో ఫలితము త్వరగా తెలుస్తుంది. ఒక్కొక్క రైతుకు ఈ ఖర్చు బరువే గాని, సంఘముగా చేస్తే లీటరుకు పడేది చాలా స్వల్పము.

చౌకగా వచ్చిందని పాత చెక్కను బండెడు దింపించుకోవద్దు. ‘పశువులకేగదా’ అని అంగడివారు అనే మాటను నమ్మవద్దు. కుండలో కూడు కుండలోనే వుండాలి, బిడ్డ గుండులా వుండాలి అన్నట్టు, దాణా ఖర్చు తగ్గాలి, పాలు తగ్గరాదు అంటే కుదిరే పని కాదు. వర్షాకాలంలో నెలకు సరిపడేటంత మాత్రమే కొని నిలవచేయండి. బస్తాలు నేలమీద కాక చెక్కబల్లలమీద, గోడకు ఒక అడుగు ఎడంగా వుంచండి. కప్పు కారకూడదు. ముందు వచ్చిన బస్తా ముందు వాడండి. కుడితి తొట్టిలో చెక్క నానబెట్టేవారు ఏపూటకు కావలసినంత ఆపూటకే నానవేయండి. తొట్టి అడుగున, మూలలలో మిగిలిన ముద్ద మరునాటికి పులిసి బూజెక్కుతుంది. తొట్టిని రోజూ గీకి కడిగి ఎండనివ్వండి. కోళ్ళ మేత తొట్లకు కూడా ఇదే నియమము.

చెక్క మొత్తము వేరుశనగదే కానక్కరలేదు. వంద కిలోల దాణా చేసుకోవడానికి జొన్న లేక మొక్కజొన్న నూక 35 కిలోలు, చెక్క 30 కిలోలు, తవుడు 32 కిలోలు, ఖనిజ లవణ మిశ్రమము 2 కిలోలు, ఉప్పు ఒక కిలో కలుపుకోవచ్చును. ఆ 30 కిలోల చెక్కలో సగము వేరుశనగది, సగము నువ్వుల తెలగపిండి లేక పత్తిగింజల చెక్క ఐతే ఒకదానిలోని లోపము మరొకటి కొంత పూడుస్తుంది. పత్తిగింజలోనూ మొక్కజొన్నలోనూ ఇదే బూజు వచ్చే అవకాశమున్నది గనుక వాటినీ అట్లాగే చూచి కొనాలి. గేదెకు ఒంటిపోషణకు ఒకటి, ఒకటిన్నర కిలో, ఆపైన ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున ఈ దాణా పెట్టవచ్చును. పచ్చి పిల్లిపెసర, అలసంద, లూసర్న్ వంటి కాయజాతి మేత దొరికితే దాణాలో కొంత తగ్గించవచ్చును. చెక్కమీద ఆధారము తగ్గించడానికి ఇంతకంటె సులభమైన మార్గము లేదు.

రైతులు సాధారణముగా అడిగే ప్రశ్నలకు కూడా సమాధానము చెబుతాను. బూజుచెక్కను కడిగి పెట్టవచ్చునా? వద్దు. పైబూజు పోతుందిగాని లోపలి విషము పోదు. ఎండబెడితే? ఎండ బూజు పెరుగుదలను ఆపుతుంది. వూరిన విషాన్ని పూర్తిగా తీసివేయలేదు. మంచి చెక్కలో కలిపి పెడితే? అప్పుడు రెండూ చెడినట్టే. పాలివ్వని ఎద్దుకు పెడితే? ఎద్దుకూ కార్జమున్నది, చూడి పశువుకూ వున్నది. విషాన్ని పట్టుకునే బెంటొనైట్ వంటి బంకమట్టి పొడులను మేతలో కలిపే పద్ధతి కోళ్ళ ఫారాలలో వాడుకలో వున్నది. అవి మోతాదు ప్రకారము, పశువైద్యుని సలహామీద వాడవలసినవి. చెడిన మేతను మంచి మేతగా మార్చే మంత్రము మాత్రము వాటిలో లేదు.

పూర్తిగా పాడైన చెక్కను ఏమి చేయాలి? వేరుశనగ, మొక్కజొన్న వేయని పొలములో లోతుగా పాతిపెట్టి ఎరువుగా చేసుకోండి. పాతేటప్పుడు ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోండి. కోళ్ళు, కుక్కలు తవ్వకుండా చూడండి.

పశువులు మేత మానివేయడమో, కోడిపిల్లలు వరసగా చావడమో జరిగితే ఆ దాణాను ఆ పూటే ఆపండి. ఒక కిలో దాణాను కాగితపు సంచిలో వేసి దాచండి. ప్లాస్టిక్ సంచిలో చెమ్మపట్టి బూజు ఇంకా పెరుగుతుంది. చచ్చిన పక్షిని పారవేయకుండా ఆ దాణాతోసహా దగ్గరి పశువైద్యశాలకు తీసుకువెళ్ళండి. రోగమా, మేతా అని తేల్చడానికి ఆ రెండూ కావాలి. ఇంగ్లండులో అంత పెద్ద చిక్కుముడి విడిపోయింది కూడా మేతను రోగముతో జతచేసి చూసినందువలననే.

సోదరులారా, మంచి వేరుశనగ చెక్కకు భయపడి దానిని మానివేయమని నేను చెప్పడము లేదు. మన నేలలో పండే మేతలలో దానికి సాటివచ్చేవి కొద్దే. చెప్పేదల్లా ఇంతే. చెక్కను పశువుల తిండిగా కాక మన ఇంటి తిండిలో మొదటి మెట్టుగా చూడండి. పిల్లవాడి నోట పెట్టడానికి వెనకాడే గింజను గేదె తొట్టిలో వేయకండి. ఈ యేడు కాయ పీకేటప్పుడు తలకిందులుగా ఎండబెట్టండి, వొలిచేటప్పుడు నీళ్ళ కడవను దూరంగా పెట్టండి, ఏరిన పుచ్చులను నూనె మిల్లుకు పంపకండి. ఈ మూడు పనులకూ పైసా ఖర్చు లేదు. వీటి ఫలితము మీ కొట్టంలో దూడ ఎదుగుదలలోనూ, మీ ఇంటి పాలలోనూ వుంటుంది.